మూయని తూము

రేపల్లెకు నాలుగు మైళ్ల అవతల పల్లెలో మా మేనత్త ఉంటుంది. పెళ్లినాడు తొడిగిన ఉంగరం నలభై రెండో ఏట ఆమె వేలి కణుపు దాటి రానని మొరాయించింది. సబ్బు నురగ రాశారు, కొబ్బరినూనె రాశారు, దారం చుట్టి లాగారు. చివరకు తెనాలి బజారులో ఒక కంసాలి సన్న రంపంతో దాన్ని కోసి తీశాడు. "ఒళ్లు చేశావమ్మా" అన్నాడు. ఒళ్లు చేయలేదు. జాకెట్లు పాతవే సరిపోతున్నాయి. వేళ్లు మాత్రం లావెక్కాయి.

ఆ ఏడే చెప్పులు ఆరో నంబరు నుంచి ఏడుకు, మరో రెండేళ్లకు ఎనిమిదికి వెళ్లాయి. కింది పళ్ల మధ్య సందులు పడ్డాయి. గొంతు బొంగురుపోయింది. రాత్రి గురక పక్కింటికి వినిపించేది. షుగరు వచ్చింది, తర్వాత బీపీ వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు, ఒక్కో బిళ్ల. ఆమె పెళ్లి ఫోటో తెమ్మని ఎవరూ అడగలేదు. రోజూ ఎదురుగా చూసే మాకూ తెలియలేదు, అంత నెమ్మదిగా మారింది ముఖం. అలా ఎనిమిదేళ్లు గడిచాయి. ఒకరోజు బాపట్లలో రోడ్డు దాటుతూ, పక్కనుంచి వస్తున్న సైకిలు కనిపించక గుద్దుకుని పడిపోయింది. కంటి డాక్టరు చూపు పరీక్ష చేసి, రెండు కళ్లకూ బయటి వైపు మసకబారిందని తేల్చాడు. "జబ్బు కంట్లో లేదమ్మా, కంటి వెనక ఉంది. తలకు ఎంఆర్ఐ తీయించండి" అన్నాడు. పీయూష గ్రంథిలో రెండు సెంటీమీటర్లు దాటిన కణితి బయటపడింది.

ఆపరేషనుకు ముందు రోజు అత్తయ్య నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. "గడ్డ తలలో ఉంటే వేళ్లెందుకు లావెక్కాయిరా అబ్బాయ్? అసలా గడ్డని పెరగమని ఎవరు చెప్పారు?" మొదటిదానికి ఆ రోజే తోచినంత చెప్పాను. రెండోదానికి జవాబు కోసం చదువుతూ పోతే ఈ వ్యాసం తయారైంది.

పీయూష గ్రంథి శనగ గింజంత ఉంటుంది. బరువు అర గ్రాము, కాస్త అటూ ఇటూ. ముక్కు మొదలుకు వెనక, పుర్రె అడుగున, గుర్రపు జీను ఆకారంలో ఉన్న ఎముక గుంటలో కూర్చుని ఉంటుంది. దానికి సరిగ్గా పైన రెండు కళ్ల నరాలూ ఒకదాన్నొకటి దాటుతాయి. గ్రంథి ఉబ్బితే ఎక్కువగా పైకే ఉబ్బుతుంది, కిందా ముందూ వెనకా ఎముకే కదా. నరాలు దాటే ఆ ముడిని కింది నుంచి నొక్కితే ఎదుటి మనిషి కనిపిస్తాడు, పక్కనుంచి వచ్చే సైకిలు కనిపించదు. ఇంత చిన్న గింజ థైరాయిడ్‌కు, అడ్రినల్ గ్రంథులకు, అండాశయాలకు, వృషణాలకు ఉత్తర్వులు పంపుతుంది. ఎదుగుదల హార్మోనును, పాలిచ్చే తల్లికి కావలసిన ప్రొలాక్టిన్‌ను తానే తయారుచేస్తుంది.

ఇక్కడ కణితులు అరుదని అనుకుంటాం. శవపరీక్షలు, తల స్కానింగులు కలిపి 2004లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం నూటికి దాదాపు 17 మందిలో చిన్నదో పెద్దదో ఉంటుంది. వాటిలో చాలా భాగం మిల్లీమీటర్ల కొలతలోనే ఆగిపోతాయి, మనిషికి తెలియకుండానే ఆయుష్షు తీరుతుంది. వైద్యం అవసరమైన కణితులు ఎన్నో 2006లో బెల్జియంలోని లీజ్ ప్రాంతంలో ఇల్లిల్లూ పట్టి లెక్కించినంత శ్రద్ధగా లెక్కిస్తే, ప్రతి 1,064 మందికి ఒకటి తేలింది. 2011 జనాభా లెక్కల్లో తెనాలి పట్టణంలో లక్షా అరవై నాలుగు వేల మందికి పైగా ఉన్నారు. లీజ్ లెక్కే ఇక్కడికీ వర్తిస్తే, ఒక్క తెనాలిలోనే నూట యాభై మంది ఉండాలి. వాళ్లలో ఎంతమంది షుగరు డాక్టరు గదిలో, సంతాన సాఫల్య కేంద్రంలో, కీళ్ల డాక్టరు దగ్గర వేరే పేరుతో కూర్చుని ఉన్నారో అన్న ఆలోచన నన్ను వదలదు.

అత్తయ్య మొదటి ప్రశ్నకు జవాబు పాతదే. 1886లో పారిస్‌లో పియర్ మారీ ఈ జబ్బుకు అక్రోమెగలీ అని పేరు పెట్టాడు. చివరలు పెద్దవడం అని అర్థం. కణితి ఎదుగుదల హార్మోనును అదుపు లేకుండా వదులుతుంది. ఆ హార్మోను నెత్తుటిలో కాలేయానికి చేరి, ఐజీఎఫ్-1 అనే మరో పదార్థాన్ని పుట్టిస్తుంది. వేళ్లలో, పాదాల్లో, దవడలో ఉన్న కణాల మీద ఐజీఎఫ్-1ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. కబురు అందగానే ఆ కణాలు పెరుగుతాయి. పసివాడికి ఇదే జరిగితే నిలువుగా పెరిగి ఏడడుగులు కూడా దాటొచ్చు. ఎముకల చివర్లు మూసుకుపోయిన పెద్దవాళ్లకు అడ్డంగా పెరగడమే గతి. ఉంగరం బిగిసింది అందుకే.

రెండో ప్రశ్న దగ్గరకు వెళ్లేముందు చేపల చెరువు దగ్గర కాసేపు ఆగాలి. మా వైపు రైతులకు పీయూష గ్రంథి ఆసుపత్రి గడప తొక్కకముందే పరిచయం. బొచ్చె, శీలావతి లాంటి చేపలు ఏటి వరదలోనే గుడ్లు పెడతాయి, చెరువులో పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి చేప తలలోంచి తీసిన పీయూష గ్రంథిని నూరి, ఆ రసాన్ని మరో చేపకు సూదిమందుగా ఇచ్చి, కట్టుబడి ఉన్న నీళ్లలోనే గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే ఇవాళ మనం జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇప్పుడు గ్రంథులు కోసే పని తప్పింది. హేచరీల్లో వాడే సీసా మందులో రెండు పదార్థాలు ఉంటాయి. ఒకటి పీయూష గ్రంథిని తట్టి లేపే హార్మోనుకు నకలు. రెండోది డోంపెరిడోన్, మనం కడుపు ఉబ్బరానికి మింగే బిళ్లలో ఉండే మందే.

చేపకు కడుపు ఉబ్బరం మందు ఎందుకు? చేప మెదడు డోపమైన్ అనే కబురు పంపి గుడ్లు పెట్టే హార్మోనును ఆపి ఉంచుతుంది. పీయూష గ్రంథి కణాల మీద డోపమైన్‌ను పట్టే గ్రాహకం ఉంది. డోంపెరిడోన్ ఆ గ్రాహకంలో ముందే వెళ్లి కూర్చుంటుంది. ఆపే మాట వినపడక గ్రంథి హార్మోనును వదిలేస్తుంది. బాపట్ల తీరాన రొయ్య హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కంటి కాడ తుంచేదీ ఇలాంటి లెక్కతోనే. గుడ్లను అడ్డుకునే హార్మోను తయారయ్యే గ్రంథి ఆ కాడలోనే ఉంది. బ్రేకు తీస్తే బండి కదులుతుంది. (జీవి మీద జాలి పడి ఈ పద్ధతి మానుకుంటున్న హేచరీలు ప్రపంచంలో పెరుగుతున్నాయి. అది మంచిదే.)

మనుషుల్లో ప్రొలాక్టిన్ తయారుచేసే కణాల మీద కూడా అదే డోపమైన్ బ్రేకు ఉంటుంది. పీయూష గ్రంథి కణితుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ప్రొలాక్టిన్ కణితే. ఆడవాళ్లకు కాన్పు లేకుండానే పాలు పడతాయి, నెలసరి ఆగుతుంది, గర్భం నిలవదు. మగవాళ్లకు కోరిక తగ్గుతుంది. సిగ్గుపడి చెప్పరు, చూపు పోయేదాకా రారు. ఈ కణితికి క్యాబర్గోలిన్ అనే బిళ్ల వారానికి ఒకటి రెండుసార్లు ఇస్తారు. అది డోపమైన్ గ్రాహకాన్ని నొక్కిపట్టి బ్రేకు వేస్తుంది. కత్తి పెట్టకుండానే కణితి కుంచించుకుపోతుంది, చాలామందిలో. చేపకు బ్రేకు తీశాం, మనిషికి బ్రేకు వేశాం. చెయ్యి పెట్టింది మాత్రం ఒకే జాతి గ్రాహకం మీద.

ఇక కణాన్ని పెరగమని, రెండుగా చీలమని చెప్పే గ్రాహకాల సంగతి. వాటికి తాళం చెవులు వృద్ధి కారకాలు.

వీటి కథ అమెరికాలో ఎలుక పిల్లల కళ్ల దగ్గర మొదలైంది. చిట్టెలుక పిల్ల పుట్టాక కళ్లు తెరవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఎలుక లాలాజల గ్రంథుల రసాన్ని పుట్టిన పిల్లలకు ఎక్కిస్తే ఏడో రోజుకే రెప్పలు విడిపోయాయి, పళ్లు కూడా తొందరగా మొలిచాయి. ఆయన వెతుకుతున్నది నరాల పెరుగుదల గురించి. రెప్పలు విడవడం ఆ పనికి సంబంధం లేని విషయం. అయినా దాన్ని పక్కన పెట్టకుండా, ఆ రసంలో రెప్పలు తెరిపించేది ఏమిటో వేరుచేసి 1962లో ప్రకటించాడు. చర్మపు పైపొరను పెంచే ఆ పదార్థానికే ఈజీఎఫ్ అని పేరు వచ్చింది. దాన్ని పట్టే గ్రాహకం ఈజీఎఫ్‌ఆర్. 1986లో కోహెన్‌కు, నరాల వృద్ధి కారకాన్ని కనుగొన్న రీటా లెవీ మొంటాల్చినీకి కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. సంబంధం లేని విషయాన్ని ఒక మనిషి వదలకుండా పట్టుకోవడం నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం.

గ్రాహకం ఎలా పనిచేస్తుందో తెనాలిలో పుట్టినవాళ్లకు చెప్పడం తేలిక. మూడు కాలువలు ఊళ్లోంచి పారుతుంటాయి కాబట్టి తూము తెలియనివాడు ఉండడు. కణం చుట్టూ ఉన్న పొరను కాలువ గట్టు అనుకోండి. గట్టులో తూములు. గట్టు బయట తూముకు ఒక పిడి, లోపల ఒక తలుపు. వృద్ధి కారకం వచ్చి పిడిని పట్టుకుంటే, పక్కపక్క తూములు రెండు జంటకడతాయి. జంటకట్టిన గ్రాహకాలు లోపలి వైపు ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్ ముద్రలు వేసుకుంటాయి. ఆ ముద్రలే కణం లోపలికి పారే నీళ్లు. ముద్ర చూసి రాస్ అనే ప్రోటీన్ మేలుకుంటుంది, అది ఇంకోదాన్ని లేపుతుంది, అలా కబురు జన్యువుల దాకా వెళ్లి "చీలు" అంటుంది.

రాస్ దగ్గర మన తెలుగువాడి పేరు వస్తుంది. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లిన ఈ. ప్రేమ్‌కుమార్ రెడ్డి 1982లో సహచరులతో కలిసి నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువుకు, మామూలు రాస్ జన్యువుకు తేడా ఒకే ఒక్క అక్షరం. దాంతో ప్రోటీనులో గ్లైసీన్ ఉండవలసిన చోట వేలిన్ వచ్చి కూర్చుంది. అంతే, లేచిన రాస్ మళ్లీ పడుకోవడం మానేసింది. అదే సమయంలో మరో రెండు మూడు ప్రయోగశాలలూ ఇదే మాట చెప్పాయి. క్యాన్సర్‌కు కారణం పుస్తకంలో ఒక అచ్చుతప్పంత చిన్నదై ఉండొచ్చని లోకానికి అప్పుడే తెలిసింది. ఇంకో ఏడాదికి, కోతుల్లో కణితి పుట్టించే ఒక వైరస్ జన్యువును ఆయన ఉన్న బృందం అక్షరం అక్షరం చదివింది. ఆ జన్యువు పుట్టించే ప్రోటీను పీడీజీఎఫ్ అనే వృద్ధి కారకానికి కవల అని 1983లోనే తేలింది. కణితికీ వృద్ధి కారకాలకూ చుట్టరికం అలా బయటపడింది.

పీయూష గ్రంథి కణితుల్లో రాస్ పాడవడం అరుదు. అక్రోమెగలీ కణితుల్లో దాదాపు నూటికి 40లో పాడయ్యేది జీఎన్ఏఎస్ అనే జన్యువు. మెదడు పంపే "హార్మోను వదులు" అనే కబురును గ్రాహకం నుంచి లోపలికి అందించే ప్రోటీను అందులోంచి వస్తుంది. అక్కడ ఒక అక్షరం మారితే మెదడు నోరు మూసుకున్నా కణానికి ఆ మాట వినపడుతూనే ఉంటుంది. ఇది 1989లో తెలిసింది. అత్తయ్య అడిగిన "ఎవరు చెప్పారు" అనే దానికి ఇదొక జవాబు. ఎవరూ చెప్పలేదు, చెప్పినట్టు వినపడింది.

ఈజీఎఫ్‌ఆర్‌కు మాత్రం పెద్ద పాత్ర మరో రకం కణితిలో ఉంది. 1932లో బోస్టన్‌లో హార్వీ కుషింగ్ వర్ణించిన జబ్బు అది. పీయూష గ్రంథిలో బియ్యపు గింజంత కణితి కూడా ఏసీటీహెచ్ అనే ఉత్తర్వును ఎడతెగకుండా పంపగలదు, అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్‌ను పోస్తూనే ఉంటాయి. ముఖం చంద్రబింబంలా గుండ్రమవుతుంది, పొట్ట పెరిగి కాళ్లూ చేతులూ పీచులైపోతాయి, పొట్ట మీద ఊదారంగు చారలు పడతాయి, ఎముకలు విరుగుతాయి. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. మన పల్లెల్లో ఇలాంటి ముఖం కనిపిస్తే చాలాసార్లు అనుమానించవలసింది కణితిని కాదు. కీళ్ల నొప్పులకు, ఆయాసానికి, చర్మం తెల్లబడటానికి తెలిసో తెలియకో వాడిన స్టెరాయిడ్ బిళ్లలు, సూదులు, పూతమందులనే ముందు అనుమానించాలి. అవి ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

నిజంగా కణితే ఉన్నవాళ్ల సంగతి 2015లో కొత్త మలుపు తిరిగింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే తూము తెరవడం కన్నా మూయడం గురించి ఎక్కువ మాట్లాడాలి.

కాలువ లస్కరు తూము తెరిచి ఊరుకోడు, పొలం తడిశాక మూస్తాడు. కణం కూడా అంతే. కబురు అందుకున్న ఈజీఎఫ్‌ఆర్‌ను గట్టు మీంచి లోపలికి లాగేస్తుంది. దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీనును చీటీలా అంటిస్తుంది. చీటీ ఉన్న గ్రాహకాన్ని కణంలోని చెత్తకుండీకి పంపి ముక్కలు చేయిస్తుంది. (ఈ చీటీల వ్యవస్థను కనిపెట్టినందుకు 2004 రసాయన నోబెల్ ఇచ్చారు.) అన్ని గ్రాహకాలనూ చంపేస్తే రేపటి కబురు ఎవరు వింటారు? అందుకని కొన్నిటి చీటీలు చింపి తిరిగి గట్టు మీదికి పంపే ఉద్యోగి ఒకడున్నాడు. వాడి పేరు యూఎస్‌పీ8. వాడు మరీ విచ్చలవిడిగా చీటీలు చింపకుండా చెయ్యి పట్టుకుని ఉండే కాపలాదారు మరో ప్రోటీను.

కుషింగ్ జబ్బు కణితుల్లో మూడింట ఒక వంతుకు పైగా యూఎస్‌పీ8 జన్యువులో మార్పు ఉన్నట్టు జర్మనీ నుంచి ఒక బృందం, చైనా నుంచి మరో బృందం ఒకే ఏడు ప్రకటించాయి. విచిత్రం ఏమిటంటే, మార్పులన్నీ ఒకే చిన్న చోట ఉన్నాయి. కాపలాదారు చెయ్యి పట్టుకునే చోటది. పట్టు తప్పింది. యూఎస్‌పీ8 కనిపించిన చీటీనల్లా చింపుతోంది. చెత్తకుండీకి పోవలసిన ఈజీఎఫ్‌ఆర్‌లు తిరిగి గట్టెక్కుతున్నాయి. తూములన్నీ తెరిచే ఉన్నాయి. ఈ కణాల్లో ఆ కబురు చీలమని చెప్పడంతో ఆగదు, ఏసీటీహెచ్‌కు మూలమైన జన్యువును కూడా ఎక్కువ పనిచేయిస్తుంది. వృద్ధి కారకం ఎక్కువ రాలేదు. గ్రాహకంలో తప్పు లేదు. మూయవలసినవాడి చేతికి అడ్డం పడింది ఇంకొకడు. ఈజీఎఫ్‌ఆర్ జన్యువులోనే తప్పు కోసం వెతికితే ఖాళీ చేతులతో తిరిగిరావలసి వచ్చేది ఇందుకే.

తూము మూసే బిళ్లలు మన దగ్గర ఉన్నాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే గెఫిటినిబ్ ఈజీఎఫ్‌ఆర్ లోపలి తలుపుకు అడ్డం పడి ముద్రలు వేయనివ్వదు. 2011లో లాస్ ఏంజెలెస్‌లో ష్లోమో మెల్మెడ్ ప్రయోగశాల దాన్ని ఏసీటీహెచ్ కణితుల మీద ప్రయోగించింది. గిన్నెల్లో పెంచిన కణాల్లో ఏసీటీహెచ్ తగ్గింది, ఎలుకల్లో కణితి చిన్నదైంది. అదే ప్రయోగశాల లాపటినిబ్ అనే మరో బిళ్లను క్యాబర్గోలిన్‌కు లొంగని ప్రొలాక్టిన్ కణితులున్న కొద్దిమంది రోగులకు ఇచ్చి చూసింది. అది ఈజీఎఫ్‌ఆర్‌నూ, దాని తోబుట్టువు హెర్2నూ కలిపి మూస్తుంది. కొందరిలో కణితి తగ్గింది, అందరిలో కాదు. టొరంటోలో షెరీన్ ఎజ్జత్, సిల్వియా ఆసా 2002లో ఇంకో వింత చూపించారు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్4 అనే గ్రాహకం కొన్ని పీయూష కణితుల్లో తల తెగిన రూపంలో ఉంటుంది. గట్టు మీద ఉండవలసింది గట్టు లోపలే తిరుగుతూ ఉంటుంది. ఆ పొట్టి రూపాన్ని ఎలుకల్లో పుట్టిస్తే వాటికి పీయూష కణితులు వచ్చాయి. పిడి లేని తూము, ఎవరూ పట్టుకోకుండానే తెరుచుకుంది.

ఇలాంటి బిళ్లలు మన దేశంలో పేదవాడి చేతికి అందే ధరకు రావడం వెనక తెనాలికీ బాపట్లకూ నడుమనున్న నేల ఉంది. రైల్లో తెనాలి దాటాక నిడుబ్రోలు స్టేషను వస్తుంది. పొన్నూరుకు దిగేది అక్కడే. ఆ పొన్నూరు మండలంలోని గొల్లమూడిపాడు నన్నపనేని వెంకయ్య చౌదరి సొంత ఊరు. అమెరికాలో ఫార్మసీ చదివి, అక్కడ ఉద్యోగం చేసి తిరిగివచ్చి 1981లో హైదరాబాదులో నాట్కో సంస్థ పెట్టారు. ఆ సంస్థ తయారుచేసిన ఇమాటినిబ్ రక్త క్యాన్సర్ రోగులకు అందుబాటు ధరలో దొరికింది. అది మూసే తూముల్లో పీడీజీఎఫ్ గ్రాహకం కూడా ఒకటి, ప్రేమ్‌కుమార్ రెడ్డి కథలో వచ్చిన చుట్టమే. గెఫిటినిబ్‌కు మన దేశంలో పేటెంట్ ఇవ్వకూడదని అభ్యంతరం చెప్పినవాళ్లలో నాట్కో ఉంది. ఆ పేటెంట్ దక్కలేదు. 2012 మార్చి 9న ఇంకా పెద్ద సంగతి జరిగింది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్‌ను తయారుచేసుకోవడానికి భారత పేటెంట్ కార్యాలయం నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది. మన దేశంలో అలాంటిది అదే మొదటిది. నెలకు 2,80,000 రూపాయలు దాటే మందు 8,880 రూపాయలకు అమ్మాలన్నది షరతు. రక్తనాళాలను మొలిపించే వీఈజీఎఫ్ గ్రాహకాన్నీ, పీడీజీఎఫ్ గ్రాహకాన్నీ మూసే మందది. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో పేరుతో క్యాన్సర్ కేంద్రం కూడా ఉంది. రేపల్లె, బాపట్ల రోగులు బస్సెక్కి వెళ్లేది అక్కడికే. వృద్ధి కారక గ్రాహకం అన్న మాట ఎక్కడో ప్రయోగశాలలో పుట్టి మన డెల్టా పొలాల దాకా ఇలా వచ్చింది.

అయితే పీయూష కణితికి తూము మూసే ఈ బిళ్లలు రాసివ్వమని ఏ డాక్టరునూ అడగకండి. ఇంకా ఆ రోజు రాలేదు. కారణాలు గట్టివి. ముక్కు దారిలోంచి కణితి తీసే ఆపరేషను చాలామందికి బాగా పనిచేస్తుంది. ఆ దారిని 1907లో ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ తెరిచాడు. ఇప్పుడు ఎండోస్కోపు గొట్టంతో నేర్పైన చేతులు గంటల్లో చేస్తున్నాయి. మూయవలసిన తూము ఒక్క కణితిలోనే ఉండదు. ఈజీఎఫ్‌ఆర్ చర్మానికీ పేగు పొరకూ రోజువారీ అవసరం. అందుకే ఈ బిళ్లలు వేసుకున్నవాళ్లకు ముఖం నిండా పొక్కులు, విరేచనాలు. ఇవన్నీ కాక, యూఎస్‌పీ8 మార్పు ఉన్న కణితికి, లేని కణితికి ఒకే మందు ఇవ్వలేం. ఏ కణితిలో ఏ తూము తెరిచి ఉందో ముందు తెలియాలి.

పీయూష కణితుల్లో నాకు ఊరటగా తోచేది ఒకటుంది. ఇన్ని తూములు తెరిచి ఉన్నా వీటిలో ఒళ్లంతా పాకే క్యాన్సర్‌గా మారేవి వెయ్యికి రెండు కూడా ఉండవు. పెరగమని కబురు మితిమీరితే ఈ కణాలు తమలోని పాత కాపలా ప్రోటీన్లను నిద్రలేపి, చీలడం మానేసి, ముసలి కణాలుగా మిగిలిపోతాయి. హార్మోను పోస్తాయి, స్థలం ఆక్రమిస్తాయి, కానీ ఒళ్లంతా పాకవు. మొండికేసి పెరిగే, పాకే కొద్దిపాటి కణితులకే, ఆపరేషనూ మామూలు మందులూ రేడియేషనూ అయిపోయాక, టెమోజోలమైడ్ అనే కీమోథెరపీ బిళ్ల ఇస్తున్నారు, రక్తనాళాల తూము పిడిని వీఈజీఎఫ్ పట్టుకోకుండా అడ్డుకునే బెవాసిజుమాబ్ ప్రయత్నిస్తున్నారు.

అత్తయ్యకు కణితి చాలా భాగం తీశారు. కంటి నరాల మీది ఒత్తిడి తగ్గింది, పక్క చూపు మూడు నెలల్లో తిరిగివచ్చింది. పక్కనున్న పెద్ద రక్తనాళం చుట్టూ అల్లుకున్న ముక్కను మాత్రం సర్జన్ వదిలేశాడు. వదిలేయడమే తెలివి. దానికి నెలకోసారి పిరుదుకు ఒక సూదిమందు. పేరు ఆక్ట్రియోటైడ్. అదీ గ్రాహకం మందే. సొమటోస్టాటిన్ అనే కబురుకు నకలు. ఆ సహజ హార్మోనును వేరుచేసిన బృందానికి నాయకుడైన రోజర్ గియెమాన్‌కు, మెదడు హార్మోన్ల మీద చేసిన పనికి 1977లో నోబెల్ వచ్చింది. ఈ గ్రాహకం కణితి మీద దండిగా ఉంటే మందు బాగా పనిచేస్తుంది, లేకపోతే పనిచేయదు. ఉందో లేదో ఆపరేషనులో తీసిన ముక్క చెప్పగలదు.

ఆ ముక్క గురించి చెప్పడానికే ఇంతదూరం వచ్చాను. ఆపరేషనులో తీసిన కణితిని ఆసుపత్రి ప్రయోగశాలలో మైనంలో పోత పోసి ఒక చిన్న దిమ్మె చేస్తారు. దాన్ని బ్లాక్ అంటారు. సన్నగా కోసి గాజు పలకల మీద అంటించి రంగు వేస్తారు. గదిలో పెట్టినా ఏళ్ల తరబడి చెడదు. పదేళ్ల తర్వాత కొత్త మందు వస్తే, ఆ బ్లాకులోంచి మరో పొర కోసి ఏ గ్రాహకం ఉందో, యూఎస్‌పీ8 మారిందో లేదో చూడొచ్చు. రోగి గానీ ఇంటివాళ్లు గానీ రాసిచ్చి అడిగితే ఆసుపత్రులు సాధారణంగా దాన్ని ఇస్తాయి. మన వాళ్లు డిశ్చార్జి కాగితం తెచ్చుకుంటారు, బ్లాకు మరిచిపోతారు. కొన్నేళ్లకు అది చెత్తలో పోతుంది.

అత్తయ్య బ్లాకును నేనే అడిగి తెచ్చాను. మంచం కింద ట్రంకు పెట్టెలో పొలం దస్తావేజుల పక్కన, తెనాలి కంసాలి కోసిన ఉంగరం రెండు ముక్కలు కట్టిన మూటలోనే ఉంచింది. ఎండకు మైనం కరుగుతుందేమోనని ఒక పాత ఫ్లాస్కులో పెట్టి మరీ మూతపెట్టింది. ఆరు నెలలకోసారి ఐజీఎఫ్-1 పరీక్షకు పొద్దున్నే రేపల్లె రైలెక్కి తెనాలి వస్తుంది. మొన్న వచ్చినప్పుడు కాళ్లకు ఏడో నంబరు చెప్పులున్నాయి. ఎముక తగ్గదు, వాపు తగ్గిందంతే అని చెప్పాను. "తగ్గింది కదా" అంది.